చెల్లెలి చేతి అద్దె

పోయినవారం ఆగిన చోట లెక్క ఇలా తేలింది. హార్ట్లీ వీధిలో నాకు రెండో ఇల్లు ఉంది. అందులో ఏడేళ్ళుగా నా చెల్లెలు తస్నీమ్ ఇద్దరు పిల్లలతో అద్దెకు ఉంటోంది. మొగుడు తలాఖ్ ఇచ్చి బర్మింగ్‌హామ్‌లో వేరే కాపురం పెట్టుకున్నాడు. తస్నీమ్ పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ చలికాలానికి ముందు మూతపడింది. దాంతో అద్దె ఆగింది. ఆ ఇంటి మీద బ్యాంకుకి నేను కట్టాల్సిన వాయిదా మాత్రం ఆగలేదు. తస్నీమ్ ఇంటి అద్దె సాయం కోసం ఊరి కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకుని, యజమాని సొంత అన్నే అని దాచకుండా చెప్పింది. విచారణకి మనిషి వస్తోందని, ఆ సమయానికి నేనూ ఉండాలని కబురు వచ్చింది. ఇంకొక్క సంగతి. ఆ ఇంటికి అద్దె అనేది ఒకటుందని మా అమ్మకి తెలియదు.

అన్న ఇంట్లో ఉంటే సాయం ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు. నేను అడిగి తెలుసుకున్నాను. సరుకు కొనేముందు పోగులు లెక్కపెట్టే అలవాటు నాకుంది. షరతు ఒక్కటే. అది అద్దె బేరంలా ఉండాలి, ఇంట్లోవాళ్ళ సర్దుబాటులా ఉండకూడదు. మాది బేరమే. ప్రతి శుక్రవారం తస్నీమ్ నా బట్టల కొట్టుకి వచ్చి డబ్బు ఇచ్చేది, నేను రసీదు రాసేవాణ్ణి. పక్క ఇళ్ళకి ఎంత అద్దె వస్తోందో దీనికీ అంతే. కాబట్టి ఆ మంగళవారం నేను నిబ్బరంగానే బయలుదేరాను.

తలుపు తీయగానే పకోడీల వాసన కొట్టింది. ముందు గదిలో, కిటికీ పక్క కుర్చీలో, తస్బీ పూసలు తిప్పుకుంటూ బేబే కూర్చుని ఉంది. అమ్మని మేం బేబే అనే పిలుస్తాం, అన్నని లాలా అని.

తస్నీమ్ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. “ఇవాళ రావద్దని చెప్పమన్నానా లేదా లాలా?”

“చెప్పాను. మోకాళ్ళు నొప్పి, ఇంట్లో పడుకోమన్నాను.”

“ఆ మోకాళ్ళతోనే రెండు బస్సులు మారి వచ్చింది. పొద్దున్నించీ నా పొయ్యి నాకు ఇవ్వలేదు.”

ముందు గదిలోంచి బేబే గొంతు వినిపించింది. “నా చెవులకి ఏ జబ్బూ లేదు. సర్కారు మనిషి వస్తుంటే నా కూతురింట్లో పళ్ళెం ఖాళీగా పెట్టమంటారా? మర్యాద అనేది ఒకటుంది.”

“ఆవిడ చుట్టపుచూపుగా రావడంలేదు బేబే,” అన్నాను.

“గడప దాటితే చుట్టమే.”

ఇక వాదించలేదు. బేబేకి ఇంగ్లీషు పెద్దగా రాదు, మాట్లాడేది అంతా ఇంగ్లీషులోనే కదా అనుకున్నాను. ఆ రోజు నా మొదటి నష్టం అక్కడే జరిగింది, నాకప్పుడు కనిపించలేదు.

మిసెస్ ఆక్రాయిడ్ చెప్పిన వేళకే వచ్చింది. అరవై దగ్గర పడుతున్న మనిషి, తడిసిన కోటు, పురికొస కట్టిన ఫైలు. కోటు తానే తగిలించుకుంది, టీ తీసుకుంది, పకోడీలు మాత్రం వద్దంది. డ్యూటీలో టీ దాటకూడదట. బేబే ముఖం చిన్నబోయింది. పళ్ళెం ఆవిడ మోకాళ్ళకి తగిలేదాకా జరిపి ఊరుకుంది.

ఆవిడ ఇల్లంతా తిరిగి చూసింది. పై గదులు చూసింది. బాయిలర్ మీద చెయ్యి వేసి చూసింది. కిందికి వచ్చి కూర్చుని మొదలుపెట్టింది.

“బాయిలర్ పాడైతే ఏం చేస్తారు మిస్టర్ హుసేన్?”

“తను ఫోను చేస్తుంది. నేను మనిషిని పంపుతాను. ఖర్చు నాది.”

“మీరు చెప్పకుండా లోపలికి వస్తారా?”

“బెల్లు కొడతాను. తాళంచెవి నా దగ్గర ఒకటుంది గానీ ఎప్పుడూ వాడలేదు.”

“మీ చెల్లెలు కాక వేరే ఎవరైనా ఉంటే అద్దె ఎంత తీసుకునేవారు?”

“ఇంతే. ఎక్కువ చెబితే ఎవరూ రారు, తక్కువ చెబితే బ్యాంకు ఊరుకోదు.”

ఆవిడ పెదవి కొంచెం కదిలింది. నవ్వే అనుకుంటాను. కొట్లో గిరాకీ తానులో చెయ్యి పెట్టి బట్టని వేళ్ళ మధ్య నలిపినప్పుడు అమ్మకం దగ్గరపడిందని నాకు తెలుస్తుంది. ఇదీ అలాగే ఉంది. తస్నీమ్ చున్నీ కొసని వేలికి చుట్టుకుని నా వైపే చూస్తోంది. సాయం వస్తే పిల్లల బడి మారదు, కూరగాయల కొట్టుదాకా తెలిసిన ముఖాలే, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. రాకపోతే ఈ ఎండాకాలం దాటదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఆవిడ కలం పక్కన పెట్టింది. “ఇది అందరినీ అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆమె అద్దె కట్టలేకపోతే ఖాళీ చేయిస్తారా?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. కొట్లో అద్దం ముందు జవాబు అనుకుని చూసుకున్నాను కూడా. “చేయిస్తాను,” అన్నాను.

పూసల చప్పుడు ఆగింది.

“ఏమడిగింది?” అంది బేబే మా భాషలో.

“ఇల్లు ఎవరిదని అడిగింది.”

“ఇంతసేపూ అదే అడుగుతోందా? చెల్లెలి ముఖం చూడు, అది ఇంటి ప్రశ్నలా లేదు.”

“ఇల్లు నాదేనా, చెల్లెల్ని ఏమన్నా ఇబ్బంది పెడుతున్నానా అని అడుగుతోంది బేబే. లేదన్నాను. నువ్వు తస్బీ చదువుకో.”

ఒక ముక్క అబద్ధం చెప్పి పక్కకి తప్పుకోవడం నాకు తెలిసిన విద్యే. ఆ రోజు అదే ఎదురు తిరిగింది. కొడుకుని ఎవరో అనుమానిస్తున్నారని బేబేకి అర్థమైంది. పూసలు ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగి, మిసెస్ ఆక్రాయిడ్ మోకాలి మీద చెయ్యి వేసింది. డాక్టరు దగ్గరా బస్సులోనూ పోగుచేసుకున్న ఇంగ్లీషంతా ఒక్కసారి బయటికి తీసింది.

“మై సన్ గుడ్ బాయ్. సిస్టర్ హౌస్, ఫ్రీ! మనీ నో. నెవర్. ఓన్లీ గివ్, గివ్.”

తస్నీమ్ వేలికి చుట్టుకున్న చున్నీ కొస వదిలేసింది.

“మీ అమ్మగారు చెప్పింది నాకు అర్థమైందనే అనుకుంటున్నాను,” అంది మిసెస్ ఆక్రాయిడ్. కలం మళ్ళీ చేతిలోకి వచ్చింది.

బేబే నా వైపు తిరిగి తలూపింది. తన పని తాను చక్కగా చేసినట్టు చూసింది.

మావాళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. అన్న చెల్లెలికి పెట్టాలి గాని చెల్లెలి దగ్గర తీసుకోకూడదు. ఈద్‌కి బట్టలు పట్టుకుని ఆమె గడపకి వెళ్ళాలి. తీసుకున్నవాణ్ణి చెల్లెలి సొమ్ము తిన్నవాడంటారు. ఆ మాట ఒకసారి అంటుకుంటే మనవల పెళ్ళిళ్ళదాకా వదలదు. ఏడేళ్ళ క్రితం తస్నీమ్‌ని ఈ ఇంట్లో దింపినప్పుడు, అద్దె సంగతి బేబే ముందు తేవద్దని మేమిద్దరం అనుకున్నాం. బేబే తనే ఒక కథ అల్లుకుంది. తన కొడుకు గుల్‌ఫరాజ్ చెల్లెలికి ఇల్లు ఇచ్చాడు. పెళ్ళిళ్ళలో చెప్పింది, చావుల దగ్గర చెప్పింది, మసీదు మెట్ల మీద చెప్పింది. అలాంటి కొడుకు కొట్టు ఎక్కడ అని అడుగుతూ ఆడవాళ్ళు పెళ్ళిబట్టలకి వచ్చేవారు. పెట్టుబడి లేకుండా వచ్చిన పేరు అది. పోగొట్టుకోవాలని ఏ వ్యాపారికీ ఉండదు.

ఇప్పుడు నా ముందు రెండే దారులు. బేబే మాట నిజమంటే తస్నీమ్ అర్జీ అక్కడికక్కడే పోతుంది. అద్దే లేని ఇంటికి అద్దె సాయమేమిటి? అబద్ధమంటే బేబే ముందు నేను పోతాను. ఎటు తూచినా నష్టమే. ఏది తక్కువో తేల్చుకునేలోపే తస్నీమ్ నోరు విప్పింది.

“మా అమ్మకి తెలియదండీ,” అంది ఇంగ్లీషులో. “నేను అద్దె కడతాను. ఏడేళ్ళు కట్టాను. ఫ్యాక్టరీ మూసేదాకా ఒక్క శుక్రవారం తప్పలేదు.”

తర్వాత బేబే కుర్చీ దగ్గర నేల మీద కూర్చుని, అదే మాట మా భాషలో చెప్పింది.

బేబే ముందు నవ్వింది. “ఎవరు నేర్పారే నీకు ఈ మాట? ఆవిడ దగ్గర డబ్బు రాబట్టడానికా?”

“నిజం బేబే.”

“ఎక్కణ్ణించి తెచ్చావు? నీ దగ్గర డబ్బెక్కడిది?”

“కుట్టుమిషన్ ఇచ్చింది. పొద్దుటిదాకా కుడుతున్నావేమిటే, కళ్ళు పోతాయి అని తిట్టేదానివి కదా. దానికే.”

బేబే నన్ను చూడలేదు. పళ్ళెం వైపు చూసింది. ఒక్కో పకోడీని సర్దడం మొదలుపెట్టింది, వరుస తప్పిందన్నట్టు.

మిసెస్ ఆక్రాయిడ్ ఓపికగా కూర్చుంది. భాష తెలియకపోయినా ఏం జరిగిందో తెలిసిపోయినట్టే ఉంది. “ఇబ్బంది పెట్టాను, క్షమించండి,” అంది. “కానీ మిస్టర్ హుసేన్, ఇది మీకు చెడ్డ విషయం కాదు. ఉత్తుత్తి అద్దె అయితే కన్నతల్లి దగ్గర దాచాల్సిన పనిలేదు.”

ఇంత నష్టంలోనూ ఒక లాభం కనబడింది. అది చేతికి అందేలోపే ఆవిడ తర్వాతి ప్రశ్న వేసింది.

“అద్దె ఆగి నాలుగు నెలలైంది. మీరేం చేశారు?”

“ఏమీ చేయలేదు.”

“ఉత్తరం? నోటీసు?”

“లేదు.”

“వేరే మనిషి అయితే?”

అబద్ధం చెప్పొచ్చు. కానీ నా కొట్టు మీది గదిలో ఒక అద్దెదారు ఉండేవాడు, కిందటేడు వాణ్ణి ఖాళీ చేయించానని వీధంతా తెలుసు. “రెండో నెలకి నోటీసు ఇచ్చేవాణ్ణి,” అన్నాను.

“మరి ఈమెకి?”

చెల్లెలు గనక అనే మాట నాలిక మీదికి వచ్చింది. మింగాను. “మీ సాయం వస్తుందేమోనని ఆగాను.”

“అదీ రాసుకుంటాను.” ఆవిడ ఫైలు మూసి పురికొస ముడి వేసింది. “కానీ అది సరిపోకపోవచ్చు. బాకీ వసూలుకి యజమాని ఏం చేస్తాడో అది మీరు చేసినట్టు కనబడాలి. నెలాఖరులోగా ఏదైనా ఉంటే పంపండి. లేకపోతే ఉన్నదాన్ని బట్టి తేలుస్తాం.”

గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి వచ్చి, ఒక పకోడీ తీసుకుని నోట్లో వేసుకుంది. బేబేకి తలవంచి వెళ్ళిపోయింది. ఆవిడ బేబే కోసం ఏదైనా చేయాలనుకుందేమో. బేబే గమనించనే లేదు.

తలుపు మూసుకుంది.

“గుల్‌ఫరాజ్,” అంది బేబే. పుత్తర్ అనకుండా పేరుతో పిలవడం నేను కొట్టు పెట్టాక అదే మొదలు. “తీసుకున్నావా?”

“తీసుకున్నాను.”

“దాని చేతిలోంచి నీ చేతిలోకి?”

“బేబే, ఈ ఇల్లు బ్యాంకు డబ్బుతో కొన్నది. నెలనెలా వాళ్ళకి కట్టాలి. అద్దె లేకపోతే ఇల్లుండదు. ఇల్లు లేకపోతే చెల్లెలు ఎక్కడుంటుంది? నేను మిగుల్చుకున్నది ఏమీ లేదు.”

“నాకు బ్యాంకు గోల వద్దు. ఏడేళ్ళు నా నోట అబద్ధం ఆడించావు. జులేఖా కూతురి పెళ్ళిలో మైకు లాక్కుని చెప్పాను. చచ్చిపోయిన మీ నాన్నకి గోరీ దగ్గర చెప్పాను. ఇప్పుడెళ్ళి ఏమని చెప్పను?”

“అయితే ఏం చేయమంటావు?”

“ఇవాళ్టినుంచి దాని దగ్గర తీసుకోవద్దు.”

“బ్యాంకుకి ఎవరు కడతారు?”

“నీ కొట్టు ఉంది.”

“కొట్టు ఎంత ఇస్తుందో నీకు తెలియదు.”

“నాకేమీ తెలియనివ్వలేదుగా!” గొంతు పెరిగింది. “ఆవిడ అడిగింది ఇదేగా, చెల్లెల్ని బయటికి పంపుతావా అని? ఇప్పుడర్థమైంది. విను. ఇల్లు ఖాళీ చెయ్యమని దానికి నువ్వు కాగితం ఇచ్చిన రోజున నా పాలు నీకు మాఫీ చెయ్యను. నీ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టను.”

తల్లి తన పాల రుణం మాఫీ చేయకపోతే మావాళ్ళకి చివర మోసే జనాజా కూడా బరువే. బేబే ఆ మాట తేలిగ్గా అనే మనిషి కాదు. అన్నాక వెనక్కి తీసుకున్న మనిషీ కాదు.

తస్నీమ్ మా ఇద్దరి మధ్యా పళ్ళెం పట్టుకుని నిలబడింది.

నేను రెండ్రోజులు ఆలోచించాను. నోటీసు ఇస్తే సాయం రావచ్చు, ఇల్లు నిలుస్తుంది, చెల్లెలు నిలుస్తుంది, బేబే నాకు దూరమవుతుంది. ఇవ్వకపోతే బేబే ఉంటుంది, ఇల్లు పోతుంది, చెల్లెలు వీధిలో పడుతుంది, అప్పుడు బేబే ఎలాగూ పోతుంది. ఒకదాంట్లో ఒక్కరు, రెండోదాంట్లో అందరూ. తూకం వేశాక ఇక చెయ్యి వణకకూడదు. లాయరు దగ్గరికి వెళ్ళి, చట్టప్రకారం రెండు నెలల గడువుతో నోటీసు టైపు చేయించాను. సంతకం మాత్రం పెట్టలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక తస్నీమ్ కొట్టుకి వచ్చింది. నాలుగు నెలలుగా ఇవ్వడానికి ఏమీ లేకపోయినా శుక్రవారం రావడం మానలేదు. నేను కాగితాన్ని బల్ల మీద, కొలబద్ద పక్కన పెట్టాను.

“ఇది ఆవిడకి చూపించడానికే,” అన్నాను. “నిజంగా పంపేస్తానా నిన్ను? చదివి భయపడకు. బేబేకి చెప్పకు.”

తస్నీమ్ నిలబడే చదివింది. తొందరపడలేదు. ఒకచోట ఆగి తేదీ మళ్ళీ చూసింది.

“పంపనివాడివి అయితే ఇది ఎందుకు లాలా?”

“సాయం రావాలంటే ఉండాలి.”

“నన్ను పంపే ఉద్దేశం లేకుండా నోటీసు ఇచ్చి, పంపేసేవాణ్ణే అని ఆవిడకి చెబుతావు. ఆవిడ తెలివైన మనిషి. పకోడీ తినే పద్ధతి చూస్తేనే తెలిసింది.” కాగితం నా వైపు తిప్పింది. “సంతకం పెట్టు.”

“పెడతాను. సాయం వస్తుంది. నువ్వు ఇక్కడే...”

“లేదు. నిజంగా పెట్టు. నేను నిజంగా వెళ్తాను.”

కొలబద్ద తీసి పక్కన పెట్టాను. చేతికి ఏదో ఒక పని ఉండాలి.

“నీ కళ్ళ ముందు పెరిగాను, నాకూ కొంచెం లెక్కలు వచ్చాయి,” అంది తస్నీమ్. “నీ ఇంట్లో ఉన్నంతకాలం కౌన్సిల్ నిన్ను అడుగుతుంది. బేబే నిన్ను అడుగుతుంది. నువ్వు బ్యాంకుకి చెప్పుకుంటావు. నేను అందరికీ చెప్పుకుంటాను. పరాయివాడి ఇంట్లో ఉంటే ఈ ప్రశ్నలేవీ ఉండవు. అద్దె ఎంత, మనుషులెందరు, అంతే. నీ ఇంటికి నెలజీతం వచ్చే మంచి మనిషిని చూసుకుని అద్దెకివ్వు. బ్యాంకు వాయిదా తప్పదు. ఎవరికీ నష్టం లేదు.”

నేను తప్పు వెతికాను. దొరకలేదు. అంకెలన్నీ సరిపోయాయి. చెల్లెలు ఒక్కతే కూడికలో మిగలలేదు.

“ఎవరి ఇల్లు చూశావు?”

“హాజీ సజావల్ మేడ మీద రెండు గదులు.”

రోడ్డుకి అవతల, సరిగ్గా నా కొట్టుకి ఎదురుగా ఉన్న కొట్టు అతనిది. ఇద్దరం ఒకే మిల్లు సరుకు అమ్ముతాం. నా ధర తెలుసుకోవడానికి గిరాకీలా మనిషిని పంపుతాడు. పెళ్ళాం పోయి మూడేళ్ళైంది. ఎదురుపడితే సలాం చెప్పుకుంటాం, అంతకుమించి మాట్లాడుకున్నది లేదు.

“ఊరంతా వెతికితే నీకు వాడే దొరికాడా?”

“నేను వెతకలేదు లాలా. బేబే మాట్లాడింది. మంగళవారం మన ఇంట్లోంచి తిన్నగా అక్కడికే వెళ్ళింది.”

గాజు తలుపులోంచి రోడ్డు అవతలికి చూశాను. హాజీ కొట్లో గిరాకీ కూర్చునే కుర్చీలో ఎవరో పెద్దావిడ కూర్చుని ఉంది, ఒళ్ళో తస్బీ. హాజీ తన చేత్తో ఆవిడకి కప్పు అందిస్తున్నాడు. ఆవిడ తాగుతోంది.

“సజావల్ పైసా వదులుకునే మనిషి కాదు,” అన్నాను. “తెలియని ఆడమనిషికి, ఇద్దరు పిల్లలతో, పని లేదని తెలిసీ గదులు ఎందుకు ఇస్తాడు? నీకేమవుతాడు వాడు? మనకేమన్నా చుట్టమా?”

తస్నీమ్ చున్నీ తల మీదికి లాక్కుంది. ఇంటి తాళంచెవులు తీసి కాగితం మీద, సంతకం పెట్టాల్సిన చోట పెట్టింది.

“కాదు లాలా,” అంది. “ఇంకా కాదు.”